టెక్సాస్‌లో "ఉచిత ప్రెగ్నెన్సీ స్కాన్" బోర్డు చూసి లోపలికి వెళ్ళేముందు ఇది చదవండి

టెక్సాస్‌లో ఉంటూ, వచ్చిన గర్భం వద్దనుకునే పరిస్థితిలో ఉన్న తెలుగు ఆడవాళ్ళ కోసం రాస్తున్నాను. "ఉచిత టెస్ట్, ఉచిత అల్ట్రాసౌండ్, గర్భం గురించి సలహా" అని బోర్డు పెట్టుకునే చోట్లు చాలావరకు క్లినిక్‌లు కావు. అబార్షన్ వద్దని నచ్చజెప్పడానికే పెట్టిన సెంటర్లు అవి. ఇక్కడివాళ్ళు వీటిని క్రైసిస్ ప్రెగ్నెన్సీ సెంటర్లు అంటారు. రూపాయి తీసుకోరు, కానీ మీ టైము తినేస్తారు, మీ వివరాలు రాయించుకుంటారు.

మా పిన్ని కూతురు డాలస్ పక్క ఊళ్ళో ఉంటుంది. సిజేరియన్ అయిన కొన్ని నెలలకే మళ్ళీ నెల తప్పింది. పాప ఇంకా చంకలోనే ఉంది. తను చూపించుకునే గైనకాలజిస్ట్ ఆఫీసుకి ఫోన్ చేసి అబార్షన్ గురించి అడిగితే "ఆ విషయంలో మేమేమీ చెప్పలేం" అన్నారు. ఇండియాలో 1971 నుంచి దీనికి చట్టం ఉంది, డాక్టర్ దగ్గరికి వెళ్ళి అడగొచ్చు అన్న ధైర్యంతో పెరిగినవాళ్ళం మనం. ఇక్కడ డాక్టరే నోరు విప్పడానికి భయపడతాడన్న సంగతి అనుభవంలోకి వస్తే గానీ బుర్రకెక్కదు.

ఫోన్‌లో వెతికితే మొదట వచ్చిన నంబరు అలాంటి సెంటర్‌ది. "మీ దగ్గర అబార్షన్ చేస్తారా?" అని తను సూటిగానే అడిగింది. అవుననలేదు, కాదనలేదు. "మీకున్న ఆప్షన్లన్నీ మాట్లాడుకుందాం, రేపే రండి" అన్నారు. తోడుగా నేనూ వెళ్ళాను. లోపల అచ్చం క్లినిక్ లాగే ఉంది. తెల్ల కోటు, చేతిలో ప్యాడ్, గోడకి గర్భాశయం బొమ్మ. ఇచ్చిన ఫారంలో మాత్రం ఇన్సూరెన్స్ కార్డు వివరాలు అడగలేదు. మీ మతం ఏమిటి, భర్త ఏమంటున్నాడు అన్న గడులున్నాయి. వెనక పేజీలో, సంతకం గీత కింద, చదవడానికి కళ్ళు చికిలించాల్సినంత సన్న అక్షరాల్లో "ఇక్కడ అబార్షన్ చేయము, చేసేచోటికి పంపము" అని ఉంది. అది నేను చదివేసరికే తనని లోపలికి పిలిచేశారు.

స్కాన్ చేసినావిడ తెర మా చెల్లి వైపే తిప్పి పెట్టింది. "ఇంకా సరిగా కనిపించట్లేదు, రెండు వారాలాగి రండి. చాలా గర్భాలు వాటంతటవే పోతాయి, ఈలోపు ఎందుకమ్మా తొందర" అంది. అబార్షన్ చేయించుకుంటే రొమ్ము క్యాన్సర్ వస్తుందనీ, మళ్ళీ పిల్లలు పుట్టరనీ చెప్పింది. రెండూ అబద్ధాలే. అబార్షన్‌కీ రొమ్ము క్యాన్సర్‌కీ సంబంధం లేదని అమెరికా గైనకాలజిస్టుల సంఘం ఏసీఓజీ ఎప్పుడో తేల్చి చెప్పింది. అబార్షన్ మాత్ర వేసుకున్నాక మనసు మారితే వెనక్కి తిప్పే మందు ఉందని కూడా కొన్నిచోట్ల చెబుతారు. దానికీ శాస్త్రీయమైన ఆధారం లేదన్నది ఏసీఓజీ మాటే. దానిమీద కాలిఫోర్నియాలో మొదలుపెట్టిన ఒక పరిశోధనని కొందరికి తీవ్ర రక్తస్రావం కావడంతో మధ్యలోనే ఆపేశారు.

ఆగమన్న ఆ రెండు వారాలు ఎంత ఖరీదో చూడండి. గర్భం వారాలు లెక్కపెట్టేది చివరిసారి పీరియడ్ మొదలైన రోజు నుంచి. అంటే నెల తప్పిన రోజుకే నాలుగు వారాలు అయిపోయినట్టు. మాత్రలతో అబార్షన్‌కి ఎఫ్‌డీఏ (మందులకి అనుమతిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ) అనుమతి పది వారాల వరకే. ఆ తర్వాత సాధారణంగా క్లినిక్‌లో చేసే ప్రొసీజరే. వారం గడిచేకొద్దీ ఖర్చు పెరుగుతుంది, అపాయింట్‌మెంట్ దొరకడం కష్టమవుతుంది. మా చెల్లి విషయంలో అదే జరిగింది. వాళ్ళు చెప్పిన తేదీకి మళ్ళీ వెళ్తే ఇంకో తేదీ ఇచ్చారు. చివరికి పక్క రాష్ట్రం న్యూ మెక్సికోలోని అల్బుకర్కీ వెళ్ళేసరికి మాత్రల గడువు దాటిపోయింది. అంతా క్షేమంగానే అయింది. కానీ మాత్రతో పోయేదానికి చంటిపాపని వదిలేసి మత్తు ఇచ్చే ప్రొసీజర్‌కి వెళ్ళాల్సి వచ్చింది. దానికి నాకు ఇప్పటికీ మండిపోతోంది.

చట్టం విషయం. 2022 జూన్ 24న అమెరికా సుప్రీం కోర్టు డాబ్స్ తీర్పుతో, దేశమంతటా అబార్షన్ హక్కు ఇచ్చిన పాత తీర్పు రో వర్సెస్ వేడ్‌ని కొట్టేసింది. అదే ఏడాది ఆగస్టు 25 నుంచి టెక్సాస్‌లో దాదాపు పూర్తి నిషేధం. తల్లి ప్రాణానికో, ముఖ్యమైన అవయవానికో ముప్పు ఉంటే తప్ప చేయకూడదు. చేసిన డాక్టర్‌కి యావజ్జీవం దాకా శిక్ష, కనీసం లక్ష డాలర్ల జరిమానా. అత్యాచారానికి కూడా మినహాయింపు లేదు. అయితే ఆ చట్టం గర్భిణికి శిక్ష వేయదు, ఈ మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి. వేరే రాష్ట్రానికి వెళ్ళకుండా సొంత రాష్ట్రం ఆపలేదని డాబ్స్ తీర్పుతో ఏకీభవించిన జస్టిస్ కావనా కూడా విడిగా రాశాడు. న్యూ మెక్సికో, కొలరాడో, కాన్సస్, ఇల్లినాయిలలో అబార్షన్ చట్టబద్ధం. న్యూ మెక్సికోలో ఇన్ని గంటలు ఆగి రమ్మనే నిబంధన కూడా లేదు. కారులో వెళ్ళేవాళ్ళు ఎల్ పాసో మీదుగా అయితే లాస్ క్రూసెస్ దాటాక ఐ-25 మీద బోర్డర్ పెట్రోల్ చెక్‌పాయింట్ ఉంటుంది, పాస్‌పోర్ట్, వీసా కాగితాలు దగ్గర పెట్టుకోండి.

ఇండియా నుంచి వచ్చే అమ్మ చేతో అత్తగారి చేతో మాత్రలు తెప్పించుకుందాం అనుకునేవాళ్ళు మన దగ్గర ఉన్నారని నాకు తెలుసు. 2025 డిసెంబర్ 4న అమల్లోకి వచ్చిన హెచ్‌బీ 7 అనే టెక్సాస్ చట్టం ప్రకారం టెక్సాస్‌లోకి ఆ మాత్రలు తెచ్చి ఇచ్చినవాళ్ళ మీద కనీసం లక్ష డాలర్లకి దావా వేయొచ్చు. వాడుకున్న ఆడమనిషి మీద వేయలేరు. పెద్దవాళ్ళని అందులోకి లాగకండి.

ఇక ఆ సెంటర్లని పసిగట్టడం ఎలా అంటే, టెక్సాస్ అడ్రస్ ఉంటే చాలు, మామూలు పరిస్థితుల్లో అక్కడ అబార్షన్ చేయరు. ఫోన్‌లో "మీరు అబార్షన్ చేస్తారా, చేసేచోటికి రాసిస్తారా" అని అడగండి. సూటిగా జవాబు రాకపోతే పేరు కూడా చెప్పకుండా పెట్టేయండి. అసలైన క్లినిక్‌ల కోసం అబార్షన్ ఫైండర్ సైట్ చూడండి, లేదా నేషనల్ అబార్షన్ ఫెడరేషన్ హాట్‌లైన్‌కి చేయండి. డబ్బు, ప్రయాణం సాయం చేసే ఫండ్‌ల గురించీ అక్కడే చెబుతారు. ఇన్సూరెన్స్‌కి బిల్లు వేయని సెంటర్లలో చాలావాటికి ఆరోగ్య వివరాల గోప్యత చట్టం హిపా వర్తించదు. మా చెల్లికి ఇప్పటికీ "బేబీ ఎలా ఉంది" అని మెసేజ్‌లు వస్తున్నాయి, ఎన్నిసార్లు ఆపమన్నా ఆపట్లేదు.

అక్కడ తీసిన స్కాన్‌ని నమ్ముకుని ఊరుకోకండి. పొత్తికడుపులో ఒకవైపు విపరీతమైన నొప్పి, భుజం నొప్పి, కళ్ళు తిరగడం ఉంటే గర్భం ట్యూబ్‌లో ఉందేమో, వెంటనే ఎమర్జెన్సీకి వెళ్ళండి. గంటకి రెండు పెద్ద ప్యాడ్ల చొప్పున రెండు గంటలు వరసగా తడిసిపోయినా అంతే. ట్యూబ్ గర్భానికీ, కడుపులో ప్రాణం పోయిన పిండాన్ని తీయడానికీ చికిత్స చేస్తే అది అబార్షన్ కిందికి రాదని టెక్సాస్ చట్టంలోనే రాసి ఉంది. ఎవరైనా తటపటాయిస్తే ఆ మాట ఎత్తి అడగండి.