1919 కలకత్తా, 1921 బొంబాయి: ఏ నవల మేలు?

చరిత్రలో నడిచే డిటెక్టివ్ నవల ఒకటి చెప్పమంటే నాకు వెంటనే రెండు గుర్తొస్తాయి. అబీర్ ముఖర్జీ ‘ఎ రైజింగ్ మ్యాన్’, సుజాతా మాసీ ‘ద విడోస్ ఆఫ్ మలబార్ హిల్’. రెండూ ఇంగ్లిష్‌లో రాసినవే. ఒక్కటే చదివే తీరిక ఉంటే ఏది?

పట్టుకుంటే వదలకుండా చదివించేది ముఖర్జీ పుస్తకం. 1919 ఏప్రిల్, కలకత్తాలో భారతీయులుండే ‘నల్లవాళ్ల పేట’. ఓ సందులో పెద్ద హోదా ఉన్న తెల్లదొర శవం. గొంతు కోశారు, నోట్లో ఓ చీటీ కుక్కారు. యుద్ధం నుంచి బతికి వచ్చి, భార్యను పోగొట్టుకుని, నల్లమందు మరిగిన కెప్టెన్ విండమ్ ఈ కేసు చూసే తెల్ల పోలీసు అధికారి, తన నోటితోనే కథంతా చెబుతాడు. అవి రౌలట్ చట్టం రోజులు. అనుమానం ఉంటే చాలు, విచారణ లేకుండానే లోపల వేయొచ్చు. ఇక అసలు హంతకుడే దొరకాలన్న పట్టుదల ఎవరికుంటుంది? ఈ టెన్షన్ చివరిదాకా సడలదు. లోటు ఎక్కడంటే, విండమ్ ఊరికి కొత్త కాబట్టి చాలాచోట్ల అతనితో పాటు మనమూ కలకత్తా చూసొచ్చినట్టే ఉంటుంది. అతని కింద పనిచేసే బెంగాలీ పోలీసు బెనర్జీ అంతకన్నా ఆసక్తికరమైన మనిషి, కానీ అతని మనసులోకి మనల్ని పోనివ్వరు.

మాసీ నవలలో హత్య ఆలస్యంగా జరుగుతుంది. ముందు ఓ కాగితం వస్తుంది. 1921లో బొంబాయి మలబార్ హిల్‌లో ఉండే మిల్లు యజమాని ఒమర్ ఫరీద్ చనిపోయాడు. ఘోషాలో ఉండే ముగ్గురు భార్యలూ ఆస్తి మొత్తం ధర్మానికి వదులుకుంటున్నామని రాసిచ్చారు. ఒకామె సంతకం బదులు ఇంటూ గుర్తు పెట్టింది. చదవడమే రాని మనిషి ఏం తెలిసి ఒప్పుకుంది? తండ్రి ఆఫీసులో పనిచేసే పార్సీ లాయరు పర్వీన్ మిస్త్రీకి అక్కడ అనుమానం మొదలవుతుంది. ఆ ఆడవాళ్ల ఎదుట పరాయి మగవాడు నిలబడకూడదు, పోలీసైనా సరే. పర్వీన్ వెళ్లొచ్చు. అదే పర్వీన్ కోర్టులో వాదించడానికి మాత్రం వీల్లేదు. ఆడవాళ్లకు ఆ అడ్డంకి తీసేసిన చట్టం 1923లో గాని రాలేదు. బెంగాల్‌లో ఘోషా స్త్రీల తరఫున నిజంగానే పనిచేసిన కార్నెలియా సోరాబ్జీ ఈ పాత్రకు స్ఫూర్తి.

మాసీ లోపం కూడా చిన్నది కాదు. హంతకుడెవరో తెలుసుకోవాలని మనం తహతహలాడుతుంటే, కథ 1916కి, పర్వీన్ అత్తవారింటికి వెళ్లిపోతుంది. మిస్టరీ చల్లబడుతుంది. అయితే నెలసరి రోజుల్లో చదువుకున్న కోడలిని విడిగా ఓ గదిలో కూర్చోబెట్టే ఆ పేజీలు చదువుతుంటే ఒళ్లు మండిపోతుంది. ఘోషా ఇంట్లో ఆడవాళ్ల మౌనం పర్వీన్‌కు ఎందుకు అంత త్వరగా అర్థమైందో అప్పుడు తెలుస్తుంది.

అందుకే నా ఓటు మాసీకే. ముఖర్జీ హత్యను ఇంకో దశాబ్దానికి మార్చినా కొంత నిలబడుతుంది. మలబార్ హిల్ కేసును 1921 నుంచి కదిపితే ఆ కాగితమే పుట్టదు.