లియోన్ పట్టు స్కార్ఫులు: విప్పి చూపని దుకాణం, విప్పి చూపిన దుకాణం

పట్టు స్కార్ఫును మడత విప్పకుండానే డబ్బు అడిగే చోట ఎవరూ కొనకూడదు. పారిస్ మీదుగా లియోన్‌కు చేసిన ఈ యాత్ర గురించి రాయాలనిపించడానికి మొదటి కారణం అదే. పారిస్‌లో పాత డిజైనర్ వస్తువులు అమ్మే ఒక దుకాణంలో 260 యూరోల ధర చీటీతో, ఖరీదైన పట్టు స్కార్ఫులకు పేరుపడ్డ ఫ్రెంచ్ సంస్థ హెర్మెస్‌దని చెప్పి ఒక స్కార్ఫును నాలుగు మడతలతోనే గాజు బల్ల మీద పెట్టారు. పూర్తిగా పరచి చూపమని అడిగితే, చెల్లింపు అయ్యాకే విప్పుతామని ఉద్యోగిని ముఖం చిట్లించింది. 90 సెంటీమీటర్ల చదరంలో ఒక చిత్రకారుడు కూర్చిన బొమ్మలో పావు వంతు చూసి కొనాలని చెప్పడం కళను అవమానించడమే. గట్టిగా అడిగిన మీదట ఒక మూల మాత్రం ఎత్తి చూపింది, అది చాలు. ఆ సంస్థ స్కార్ఫుల అంచును బొమ్మ ఉన్న వైపుకే చుట్టి చేత్తో కుడతారు కనుక అది గుండ్రంగా, కాస్త ఉబ్బెత్తుగా ఉంటుంది. ఇక్కడి అంచు యంత్రపు కుట్టుతో చదునుగా అణిగిపోయి ఉంది. వెంట వచ్చిన అక్క అప్పటికే తలుపు దగ్గరికి వెళ్లిపోయింది, రాత్రి భోజనం దాకా ఆమె కోపం తగ్గలేదు.

పట్టు నేతకు పేరుపడ్డ లియోన్‌కు అక్కడి నుంచి రైలు ప్రయాణం సుమారు రెండు గంటలు, హాయిగా గడిచింది. పాత నేతగాళ్ల పేట ఉన్న క్రువా-రూస్ గుట్ట కింద రాత్రికి 104 యూరోల గది శుభ్రంగానే ఉంది కానీ, దీపాలు ఎంత పసుపు రంగువంటే వాటి కింద నీలానికీ ఆకుపచ్చకూ తేడా తెలియదు. స్కార్ఫులు కొనడానికి వచ్చేవారు కిటికీ పెద్దదిగా ఉన్న గదినే అడగాలి.

అక్క మోకాళ్ల నొప్పి వల్ల గుట్ట పైకి మెట్రో సి లైనులో వెళ్లాం. పైన మేజాన్ దె కాన్యూ అనే పట్టు నేత మ్యూజియంలో మగ్గానికి అమర్చే 1804 నాటి జకార్ యంత్రపు పద్ధతి పనిచేయడం చూడవచ్చు: అట్టలకు పొడిచిన రంధ్రాలను బట్టి ఏ పడుగు పోగు లేవాలో నిర్ణయమవుతుంది. ఈ మగ్గాలు పట్టడానికే ఆ పేటలోని ఇళ్లకు సుమారు నాలుగు మీటర్ల ఎత్తున పైకప్పులు కట్టారు, 1831లో కూలి ధరల కోసం తిరగబడిన నేతగాళ్లు ఉన్నదీ ఈ పేటలోనే. మ్యూజియం చిన్నదే అయినా, టికెట్టు డబ్బు వృథా అని ఎక్కడా అనిపించలేదు.

నాకు అసలైన ఆనందం మాత్రం గుట్ట దిగాక, రొమారిన్ వీధిలోని అటెలియే ద సోయెరీ అనే పట్టు అచ్చు కార్ఖానాలో దొరికింది. అక్కడ పొడవాటి బల్ల మీద పరచిన తెల్లని పట్టుపై రంగుకొక చట్రం చొప్పున దించుతూ స్క్రీన్ ప్రింటింగ్ చేస్తారు. ఒక్కొక్క చట్రం పడినప్పుడల్లా, అంతవరకూ అర్థం లేని మచ్చలుగా కనిపించినవి ఆకులుగా, ఈకలుగా, నీడలుగా మారడం చూసి, నడక చాలని అంటూ వచ్చిన అక్క కూడా కదలలేకపోయింది. ఒక చట్రం కొంచెం పక్కకు జరిగినా రెండు రంగుల మధ్య తెల్లని గీత మిగులుతుంది, లేదా ఒకదాని మీదికి మరొకటి ఎక్కుతుంది. అచ్చు వేసిన బట్టను ఆవిరి పట్టి రంగును నిలబెట్టి, ఆ తర్వాతే ఉతుకుతారు. మంచి స్కార్ఫు ధర ఎందుకంత ఉంటుందో ఈ బల్ల పక్కన నిలబడితే తెలుస్తుంది.

ఆ సాయంత్రం ఒక చిన్న పాతవస్తువుల దుకాణంలో, ముసలి యజమాని మేము అడగకముందే బల్ల ఖాళీ చేసి, తెల్లని గుడ్డ పరచి, దాని మీద ‘బ్రీద్ ద గాలా’ అనే హెర్మెస్ స్కార్ఫును పూర్తిగా విప్పారు. హ్యూగో గ్రిగ్కార్ 1957లో గీసిన ఈ బొమ్మలో ఉత్సవాల గుర్రపు కళ్లేలు రెండు ఎదురెదురుగా అమరి ఉంటాయి. తోలు పట్టీల వంపులే గీతలై చదరం మొత్తాన్ని నింపుతాయి. 1937లో రొబేర్ ద్యుమా రూపొందించిన మొదటి హెర్మెస్ చదరం గుర్రపు బళ్ల ఆట బొమ్మతో వచ్చింది కానీ, నా దృష్టిలో కళ్లేల కూర్పే మెరుగైనది, ఎందుకంటే మెడకు ఎలా చుట్టినా పట్టీల లయ తెగదు. అంచును వేలితో తడిమి, వెనుక వైపు రంగు ఎంత లోతుగా దిగిందో వెలుతురులో చూశాకే 185 యూరోలు చెల్లించాను. ఒక మూలన చిన్న మరక ఉందని ముందుగా ఆయనే చూపి 15 యూరోలు తగ్గించిన ధర అది.

సమయం తక్కువగా ఉన్నవారు పారిస్‌లోని పాత స్కార్ఫుల దుకాణాలను వదిలేసి నేరుగా లియోన్ రావాలి. ఉదయం మగ్గాలు, మధ్యాహ్నం అచ్చు బల్ల చూసి, కొనుగోలును పగటి వెలుతురు ఉండగానే ముగించాలి.