నోటా మీట: మూడు లోక్‌సభ ఎన్నికల వాడకం తర్వాత

ఈవీఎంలో ‘పైవారెవరూ కాదు’ అని చెప్పే నోటా మీటను ఇప్పటికి మూడుసార్లు నొక్కాను. 2014 ఏప్రిల్ 30న, 2019 ఏప్రిల్ 11న, 2024 మే 13న. మూడుసార్లూ హైదరాబాద్ శివార్లలో మా ఇంటి దగ్గరి ప్రభుత్వ పాఠశాలలోనే. శాసనసభకు మాత్రం ప్రతిసారీ ఎవరో ఒక అభ్యర్థికే ఓటు వేశాను. అక్కడ మనిషిని చూసి ఎంచుకునే వీలు ఇంకా మిగిలి ఉంది. అందువల్ల ఈ సమీక్ష ఢిల్లీకి పంపే ఓటు గురించే.

నేనెలాంటి ఓటరునో ముందు చెప్పాలి. ఓటు హక్కు వయసును 21 నుంచి 18కి తగ్గించిన 1989లోనే, పందొమ్మిదేళ్ల వయసులో తొలి ఓటు వేశాను. స్నేహితులు నన్ను ఉదారవాది అంటారు. నా మటుకు ఆ మాటకు అర్థం చాలా చిన్నది. నోరు విప్పినందుకు పౌరుడు జైలుకు పోకూడదు. చట్టం చేసే ముందు సభలో చర్చ జరగాలి. బలం ఉంది కదా అని తక్కువమంది హక్కును ఎక్కువమంది లాక్కోకూడదు. ఈ మూడింటికీ అధికారంలో ఉన్నప్పుడూ లేనప్పుడూ ఒకేలా కట్టుబడే జాతీయ పార్టీ కోసం ఇరవై ఏళ్లు చూశాను.

నా నమ్మకం మొదట చెదిరింది 2008 డిసెంబరులో. సభలో గందరగోళం మధ్య, చర్చ లేకుండా, ఐటీ చట్ట సవరణ లోక్‌సభ గడప దాటింది. ఫేస్‌బుక్‌లో ఒక మాట రాసినందుకు అరెస్టు చేసే వీలిచ్చిన 66-ఏ సెక్షన్ దాంట్లోదే. ఉదారవాదులమని చెప్పుకునే వారే అప్పుడు ప్రభుత్వంలో ఉన్నారు. దాన్ని కొట్టేయడానికి 2015 మార్చిలో సుప్రీంకోర్టే పూనుకోవాల్సి వచ్చింది.

ఆ కోపంతోనే 2009లో పోలింగ్ కేంద్రానికి వెళ్లి, లోక్‌సభకు ఎవరికీ ఓటు వేయను, 49-ఓ నిబంధన కింద రాసుకోండి అన్నాను. నోటా విలువ తెలియాలంటే ఆ పూట సంగతి చెప్పాలి. ప్రిసైడింగ్ అధికారికి ఆ నిబంధన గుర్తు లేదు. కళ్లజోడు సర్దుకుని చేతిపుస్తకం తిరగేశారు. వెనక వరుసలో ఉన్నవాళ్లు విసుక్కున్నారు. బల్లకు అటువైపు కూర్చున్న పార్టీల ఏజెంట్లు నలుగురూ తమ ఓటరు జాబితాల్లోంచి తలలెత్తి నా ముఖం చూశారు. చివరికి ఓటర్ల వివరాలు రాసే 17-ఏ రిజిస్టరులో నా పేరు పక్కన ‘ఓటు వేయడానికి నిరాకరించారు’ అని రాసి, కింద సంతకం చేయించారు. సాయంత్రం పాల ప్యాకెట్ కోసం వెళ్తే దుకాణంలో ఒకాయన అడిగాడు: “ఏమండీ, మీరు ఎవరికీ వేయలేదట కదా?” ఆయన మర్యాదగానే అడిగాడు. అయినా నా వెన్ను జలదరించింది. చిన్న ఊళ్లో, భూమి కోసమో పింఛను కోసమో ఎవరి మీదో ఆధారపడే మనిషి అయితే ఆ ప్రశ్న ఎంత బరువుగా ఉండేదో ఆ రాత్రంతా ఆలోచించాను.

పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ వేసిన పిటిషన్ మీద 2013 సెప్టెంబరు 27న సుప్రీంకోర్టు తీర్పు వచ్చినప్పుడు అందుకే అంత సంతోషించాను. తిరస్కరించే హక్కుకు కూడా రహస్యం ఉండాలని, ఈవీఎంలో దానికో మీట పెట్టాలని ఆ తీర్పు చెప్పింది. ఈ ఒక్క పనిలో నోటాకు నేను నూటికి నూరు మార్కులూ వేస్తాను. 2014లో మొదటిసారి జాబితాలో అందరికన్నా కింద ఉన్న ఆ మీట నొక్కి బయటికి వచ్చినప్పుడు ఎవరూ తలెత్తి చూడలేదు. ఆ ఫిబ్రవరిలోనే రాష్ట్ర విభజన బిల్లును లోక్‌సభ ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయి ఉండగా ఆమోదించింది. రాష్ట్రం విడిపోవాలా వద్దా అన్నది వేరే చర్చ. కోట్లమంది భవిష్యత్తు తేలుతున్న గంటలో టీవీ తెర ఖాళీగా ఉండటాన్ని నేను ఇప్పటికీ క్షమించలేను.

మరి రహస్యం దాటి అది చేసేదేమిటి? ఇక్కడే నా అసంతృప్తి. నోటాకు పడ్డవి చెల్లిన ఓట్ల కింద లెక్కకు రావు. అభ్యర్థి ధరావతు పోయిందా దక్కిందా అని చూసేటప్పుడు కూడా వాటిని కలపరు. నోటాకు అందరికన్నా ఎక్కువ పడినా, దాని తర్వాత నిలిచిన అభ్యర్థే గెలిచినట్టు. 2014లో దేశం మొత్తం మీద సుమారు 60 లక్షలమంది దాన్ని నొక్కారు. 2024లో కూడా 60 లక్షలు దాటాయి. అంతమంది ఒకే మాట చెబితే ఢిల్లీలో ఒక్క చర్చ కూడా మొదలు కాలేదు.

నేను మూడోసారి నొక్కిన రోజునే ఇండోర్‌లోనూ పోలింగ్ జరిగింది. అక్కడ కాంగ్రెస్ అభ్యర్థి నామినేషన్ ఉపసంహరించుకోవడంతో నోటాకు 2,18,674 ఓట్లు పడ్డాయి. రెండో స్థానం దానిదే. గెలిచిన భాజపా అభ్యర్థి మెజారిటీ మాత్రం పదకొండు లక్షలు దాటింది. సూరత్‌లో అయితే మిగిలింది ఒక్కరే కాబట్టి ఏకగ్రీవమని ప్రకటించారు. పోలింగే లేదు కాబట్టి నోటా నొక్కే అవకాశమూ లేదు. మన అరకులో 2019లోనూ 2024లోనూ దాదాపు యాభై వేల చొప్పున పడ్డాయి. ఎందుకని అక్కడికి వెళ్లి అడిగిన పెద్ద నాయకుడిని నేను చూడలేదు.

2019 వేసవిలో నొక్కిన మీట గురించి ఆ ఆగస్టులోనే మళ్లీ తలపోసుకోవాల్సి వచ్చింది. విచారణకు ముందే ఒక వ్యక్తిని ఉగ్రవాదిగా ప్రకటించే అధికారం ప్రభుత్వానికిచ్చే ఉపా (చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం) సవరణ రాజ్యసభకు వచ్చింది. అభ్యంతరాలు చెప్పిన కాంగ్రెస్ చివరికి అనుకూలంగానే ఓటు వేసింది. మూడు రోజులకు జమ్మూకశ్మీర్‌కు సంబంధించిన 370 అధికరణం రద్దు వచ్చింది. ఒక రాష్ట్ర ప్రతిపత్తిని దాని శాసనసభ లేని సమయంలో మార్చేస్తుంటే తెదేపా, వైకాపా, తెరాస మూడూ మద్దతు పలికాయి. సమాఖ్య స్ఫూర్తి గురించి ఆ పార్టీల సభల్లో ఎన్ని ప్రసంగాలు విన్నానో! 2023 డిసెంబరులో 146 మంది ఎంపీలు సస్పెండై ఉండగా మూడు కొత్త నేర చట్టాల బిల్లులు ఆమోదం పొందాయి. వీటిలో దేన్నీ నా మీట ఆపలేదు. ఆపుతుందని నేనూ అనుకోలేదు. కానీ నా నిరాకరణ ఎవరో ఒకరికి ఎక్కడో ఒకచోట అందుతుందని మాత్రం నమ్మాను. అది పొరపాటు.

పోల్చి చూసుకోవడానికి నిజామాబాద్ ఉంది. 2019లో అక్కడి పసుపు, ఎర్రజొన్న రైతులు నోటాతో సరిపెట్టుకోలేదు. 170 మందికి పైగా తామే నామినేషన్లు వేశారు. మొత్తం 185 మంది బరిలో నిలవడంతో ఒక్కో కేంద్రంలో పన్నెండు బ్యాలెట్ యూనిట్లు వరుసగా పేర్చాల్సి వచ్చింది. వాళ్లెవరూ గెలవలేదు. అయినా వాళ్లు కోరిన పసుపు బోర్డు గురించి మాట్లాడకుండా ఆ ఎన్నికలో ఎవరూ ప్రచారం చేయలేకపోయారు. 2025 జనవరిలో ఆ బోర్డు నిజామాబాద్ కేంద్రంగా మొదలైంది. దానికి వేరే కారణాలూ ఉండవచ్చు. కానీ ఆ రైతుల మాటకు పేరుంది, అడ్రసుంది. నా మీటకు రెండూ లేవు.

ఎవరికైనా సలహా ఇవ్వాలంటే ఇలా చెబుతాను. మీ ఊళ్లో ఎవరికి వేశారని నిలదీసేవాళ్లుంటే, మనస్సాక్షి ఎవరికీ ఒప్పుకోకపోతే, నోటా మీకు కావలసిందే; ఇంట్లో కూర్చోవడం కన్నా వందరెట్లు నయం. ఏదో మారాలని నొక్కుతున్నట్లయితే వద్దు. మహారాష్ట్ర, హరియాణా ఎన్నికల సంఘాలు 2018లోనే స్థానిక ఎన్నికల్లో నోటాకు ఎక్కువ ఓట్లు పడితే మళ్లీ ఎన్నిక జరపాలని నిర్ణయించాయి. లోక్‌సభకు ఆ నియమం వచ్చేదాకా నేను దాన్ని నాలుగోసారి నొక్కను.

2024లో నొక్కినప్పుడు, వేసిన ఓటును చీటీ మీద చూపే వీవీప్యాట్ యంత్రం గాజు వెనక చీటీ మీద అడ్డగీతలు కొట్టిన బ్యాలెట్ గుర్తు ఏడు సెకన్లు కనిపించి, తెగి డబ్బాలో పడిపోయింది. ఆ ఏడాది వర్షాకాల సమావేశాల నుంచి మా ఎంపీకి ఉత్తరాలు రాస్తున్నాను, ఒక్కో బిల్లు మీద ఒక్కటి, కింద నా పేరూ ఇంటి నంబరూ రాసి. ఆయనకు నేను ఓటు వేయలేదని కూడా మొదటి ఉత్తరంలోనే చెప్పాను. ఏడో ఉత్తరానికి రెండు వాక్యాల జవాబు వచ్చింది. మీ అభిప్రాయం అందింది, సభలో ప్రస్తావించే వీలు చూస్తాను అని. ప్రస్తావిస్తారో లేదో ఈ సమావేశాల్లో చూడాలి.