పర్లాకిమిడి గడియారాల కొట్టులో మా నాన్నగారి గోడ గడియారం

పర్లాకిమిడి బజారులో ఇరుకైన కొట్టు అది. రసీదు ఒడియాలో రాసిస్తారు, మాట్లాడేది తెలుగే. లోలకం ఉన్న పాత గడియారం ఇంట్లో మూలపడి ఉంటే అక్కడికే తీసుకెళ్ళమంటాను.

నాన్నగారు బరంపురం ఆసుపత్రిలో ఒక సోమవారం తెల్లవారుజామున 4:20కి పోయారు. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఈ గడియారం 4:10 దగ్గర ఆగి ఉంది. "ఆయనతోపాటే ఆగిపోయింది" అంది అమ్మ. ఆ తర్వాత పదకొండేళ్ళు దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

కొట్టు పెద్దాయన గడియారం తలుపు తెరిచి చూసి ఒకటే అడిగారు: "దీనికి కీ ఎవరు ఇచ్చేవారమ్మా?" నాన్నగారే, ప్రతి ఆదివారం పొద్దున. "ఒకసారి కీ ఇస్తే ఎనిమిది రోజులు నడుస్తుంది. ఆయన జబ్బుపడ్డాక ఎవరిచ్చారు?" ఎవరూ ఇవ్వలేదు. గురువారం ఆసుపత్రిలో చేర్చాం, ఆదివారం ఇంటికి తాళం వేసి ఉంది. పైగా ముల్లు చూపిన నాలుగు తెల్లవారుజామునో, మధ్యాహ్నమో గడియారం చెప్పదు.

అద్భుతం నిజమని నమ్మాలంటే, దాని సాక్ష్యం అబద్ధం కావడం అంతకన్నా అద్భుతంగా ఉండాలని 1748లో స్కాట్లాండ్ తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ రాశాడు. కానీ అమ్మ అబద్ధం చెప్పలేదు. ముళ్ళను చూసింది, అవి ఆగుతుండగా చూసినవాళ్ళు లేరు. నా అభ్యంతరం వేరు. గడియారం ఆగకుండా నడిచి ఉంటే, నాన్నగారే నడిపిస్తున్నారని అనుకునేవాళ్ళం. ఏం జరిగినా సరిపోయే మాట, ఇదే ఎందుకు జరిగిందో చెప్పలేదు. పెద్దాయన మాట అలాంటిది కాదు, తప్పయితే తేలిపోతుంది. బాగుచేశాక నిండా కీ ఇచ్చి, ఇక ముట్టుకోవద్దన్నారు. తొమ్మిదో రోజు ఉదయం ఆగింది.

ఇదంతా అమ్మకు భయపడుతూనే చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. "ఆ ఆదివారం ఎవరైనా ఇంట్లో ఉండి కీ ఇవ్వవలసింది" అంది. ఇప్పుడు తనే ఇస్తోంది.

గట్టిపడిన పాత నూనె కడిగి, లోలకం వేలాడే పలుచని రేకు మార్చినందుకు 900 రూపాయలు తీసుకున్నారు. ఐదు రోజులని చెప్పి పన్నెండు రోజులు చేశారు, అది నాకు నచ్చలేదు. పనిలో మాత్రం వంక పెట్టలేను, గంట సరిగ్గా కొడుతోంది. వెళ్ళేటప్పుడు కీ కూడా తీసుకెళ్ళండి, పాత గడియారాల కొలతకు సరిపోయేది వారి దగ్గర అన్నిసార్లూ ఉండదు.