పాత కారులో చెక్ ఇంజన్ లైట్: ఆరు వందల ఓబీడీ స్కానర్ ఎంతవరకు పనికొస్తుంది?

పదేళ్లు దాటిన కారు డాష్‌బోర్డులో పసుపు ఇంజన్ బొమ్మ వెలిగిందంటే, మెకానిక్ దగ్గరికి వెళ్లేలోపే కారణం కొంతవరకు తెలుసుకునే వీలుంది. అందుకు ఓబీడీ స్కానర్ కావాలి, అంటే కారు తన లోపాల్ని తానే పసిగట్టి రాసుకునే ఓబీడీ వ్యవస్థని చదివే పరికరం. ఈఎల్ఎమ్327 బ్లూటూత్ అడాప్టర్ అని ఆన్‌లైన్‌లో వెతికితే నాలుగు వందల నుంచి పదిహేను వందల దాకా బోలెడు రకాలు కనిపిస్తాయి. అగ్గిపెట్టెకి కాస్త పెద్దగా ఉండే ఈ డబ్బాని కారుకి గుచ్చి, ఫోన్‌లో యాప్ తెరిస్తే ఈసీయూ (ఇంజన్‌ని నడిపించే కంప్యూటర్) దాచుకున్న కోడ్ చదివి పెడుతుంది. కొనే ముందు ఒక్కటి గుర్తుంచుకోవాలి. ఏ సర్క్యూట్ నుంచి ఫిర్యాదు వచ్చిందన్నదే ఇది చెబుతుంది, ఏ పార్టు పాడైందన్నది మనమే తేల్చుకోవాలి. ఆ రెండో పని ఓపిగ్గా చేసేవాళ్లకి వేల రూపాయలు మిగులుతాయి. కోడ్ చూడగానే పార్టు ఆర్డర్ పెట్టేవాళ్లకి మాత్రం అదనపు ఖర్చే.

ముందు కొనడం గురించి. ఈఎల్ఎమ్327 అనేది కెనడాలోని ఈఎల్ఎమ్ ఎలక్ట్రానిక్స్ తయారుచేసిన చిప్. ఆ కంపెనీ 2022లో మూతపడింది. మన దగ్గర ఆ పేరుతో దొరికేవి దాదాపు అన్నీ నకళ్లే. నకలైనా పనిచేసేవి ఉన్నాయి, పనిచేయనివీ ఉన్నాయి. పెట్టె మీద వెర్షన్ 1.5 అని రాసి అమ్ముతుంటారు, అసలు కంపెనీ 1.5 అనే వెర్షన్ ఎప్పుడూ విడుదల చేయలేదు. అయినా పిక్18ఎఫ్25కె80 చిప్ ఉన్న మంచి నకళ్లు ఎక్కువగా ఆ పేరుతోనే వస్తాయి. 2.1 అని రాసిన చౌక రకాల్లో చాలావాటికి పాత ప్రోటోకాల్స్ (కారు కంప్యూటర్‌తో మాట్లాడే పద్ధతులు) పనిచేయవు. 2010-13 నాటి కార్లలో కొన్ని కె-లైన్ అనే పాత పద్ధతిలో మాట్లాడతాయి కాబట్టి ఈ తేడా అక్కడే బయటపడుతుంది. పక్కింటి కొత్త కారుకి చక్కగా కనెక్ట్ అయిన డబ్బా మీ పాత కారుకి కాలేదంటే ముందు డబ్బానే అనుమానించండి. రిటర్న్ గడువు ఉన్న చోటే కొని, వచ్చిన రోజే సొంత కారుకి పెట్టి చూడండి. ఐఫోన్ వాడేవాళ్లు వైఫై రకం గానీ, బ్లూటూత్ లో-ఎనర్జీ అని స్పష్టంగా రాసిన రకం గానీ తీసుకోవాలి. మామూలు బ్లూటూత్ అడాప్టర్ ఆండ్రాయిడ్‌కే.

మీ కారుకి పనిచేస్తుందా? మన దేశంలో బీఎస్4 (భారత్ స్టేజ్-4 కాలుష్య నిబంధనల) కార్లకి ఓబీడీ-1 2010 ఏప్రిల్ నుంచి, ఓబీడీ-2 2013 ఏప్రిల్ నుంచి తప్పనిసరి అయ్యాయి. 2013 తర్వాతి కార్లకి ఇబ్బంది ఉండదు. మధ్యలోవాటికి చాలావరకు పనిచేస్తుంది. అంతకు ముందు వాటిలో పోర్టు కనిపించినా లోపల కంపెనీ సొంత ప్రోటోకాల్ ఉండవచ్చు. అలాంటి బండికి ఈ డబ్బా మీద డబ్బు పెట్టకండి.

వాడటం తేలికే. స్టీరింగ్ కింద, మోకాలి దగ్గర 16 పిన్నుల పోర్టు ఉంటుంది. డబ్బా గుచ్చి, ఇగ్నిషన్ ఆన్ చేసి, ఫోన్ బ్లూటూత్‌లో జత చేయాలి. పిన్ 1234 లేదా 0000. యాప్‌లలో కార్ స్కానర్, టార్క్ రెండూ బాగున్నాయి. కొత్తవాళ్లకి కార్ స్కానర్ సులువు. కోడ్ కనిపించగానే దాంతోపాటు ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. లైట్ వెలిగిన క్షణంలో ఇంజన్ వేడి ఎంత, ఆర్‌పీఎమ్ ఎంత, స్పీడ్ ఎంత అన్నవి అందులో ఉంటాయి. క్లియర్ నొక్కారంటే అదంతా పోతుంది. పని అయ్యాక డబ్బా పీకేయండి. 16వ పిన్నులో కారు ఆపినా కరెంటు వస్తూనే ఉంటుంది. నలభై యాభై మిల్లీయాంపియర్లు లాగే డబ్బాని వారం పది రోజులు అలాగే వదిలేస్తే, పాతబడిన 35 ఏహెచ్ బ్యాటరీ ఉదయాన్నే సెల్ఫ్ ఎత్తదు.

ఎర్ర లైట్ల విషయంలో ఇది మీకు అక్కరకు రాదు. ఆయిల్ డబ్బా బొమ్మ ఎర్రగా వెలిగితే స్కానర్ కోసం వెతకొద్దు. బండి పక్కకి తీసి వెంటనే ఇంజన్ ఆపి, ఐదు నిమిషాలాగి డిప్‌స్టిక్ చూడాలి. ఆయిల్ లెవెల్ సరిగ్గా ఉన్నా లైట్ ఆరకపోతే టోయింగే. టెంపరేచర్ ఎర్రగా వచ్చినా ఆపాల్సిందే, వేడి మీద రేడియేటర్ మూత మాత్రం తీయొద్దు. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ లైట్లని ఈ చౌక డబ్బాలు చాలా కార్లలో చదవలేవు. ఇంజన్ బొమ్మ నిలకడగా వెలుగుతుంటే నెమ్మదిగా ఇంటికి రావచ్చు. మిణుకుమిణుకుమంటుంటే మిస్‌ఫైర్ అవుతోందని, అంటే ఏదో సిలిండర్‌లో పెట్రోల్ సరిగ్గా కాలడం లేదని అర్థం. కాలని పెట్రోల్, పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి దాన్ని కాల్చేస్తుంది. యాక్సిలరేటర్ వదిలి, వీలైనంత తొందరగా ఆపండి.

ఇక కోడ్ చదవడం. వర్ణనలో సర్క్యూట్ హై, సర్క్యూట్ లో అన్న మాటలుంటే ముందు వైర్లూ కనెక్టర్లూ చూడాలి, ఆ తర్వాతే సెన్సర్. ఉదాహరణకి పీ0113, ఇన్‌టేక్ గాలి టెంపరేచర్ సర్క్యూట్ హై. యాప్‌లో లైవ్ డేటా తెరిచి గాలి టెంపరేచర్ చూడండి. మే నెల విజయవాడలో అది మైనస్ 40 డిగ్రీలు చూపిస్తోందంటే సర్క్యూట్ ఎక్కడో తెగింది. ఈ సెన్సర్ వేడి పెరిగే కొద్దీ రెసిస్టెన్స్ తగ్గే రకం. వైరు తెగితే రెసిస్టెన్స్ అనంతం కాబట్టి ఈసీయూ దాన్ని గడ్డకట్టే చలి అనుకుంటుంది. తెగింది వైరా, సెన్సరా తేల్చాలంటే కనెక్టర్ ఊడదీసి, హార్నెస్ (వైర్ల కట్ట) వైపున్న రెండు పిన్నులనీ సన్నటి తీగ ముక్కతో కలపండి. రీడింగ్ ఒక్కసారిగా వంద దాటితే వైరింగ్ బాగానే ఉంది, సెన్సర్ పోయింది. కదలకపోతే వైరు తెగింది. ఆరుబయట పార్క్ చేసే కార్లలో ఇది చాలాసార్లు ఎలుకల పనే. వెచ్చదనం కోసం ఎయిర్ ఫిల్టర్ డబ్బా పక్కన చేరి అక్కడి వైర్లని కొరుకుతాయి. ఎలక్ట్రీషియన్ సోల్డర్ చేసి హీట్ ష్రింక్ తొడిగితే రెండు మూడు వందలతో పోతుంది. మెలిపెట్టి టేపు చుట్టిన జాయింట్ వానాకాలంలో తుప్పుపట్టి మళ్లీ లైట్ వెలిగిస్తుంది, అందుకని సోల్డరింగే అడగండి.

మిస్‌ఫైర్ కోడ్‌లలో చివరి అంకె సిలిండర్ నంబర్. పీ0302 అంటే రెండోది. స్విఫ్ట్, డిజైర్, రిట్జ్ పెట్రోల్‌లో ఉండే కె12ఎమ్ ఇంజన్‌లో ప్రతి ప్లగ్గుకీ నిప్పురవ్వ పుట్టించే కాయిల్ విడిగా ఉంటుంది కాబట్టి పైసా ఖర్చు లేకుండా తేల్చుకోవచ్చు. ఇంజన్ చల్లారాక 10 ఎంఎం స్పానర్‌తో రెండో కాయిల్‌నీ మూడో కాయిల్‌నీ విప్పి ఒకదాని స్థానంలో ఇంకోటి పెట్టి, కోడ్ క్లియర్ చేసి తిప్పి చూడండి. కోడ్ పీ0303గా మారితే కాయిల్ పోయినట్టే, ఒక్కటి మారిస్తే చాలు. పదిహేను వందలకి అటూఇటూగా దొరుకుతుంది. నాలుగూ మార్చాలని ఎవరైనా అంటే ఎందుకో అడగండి. కోడ్ రెండో సిలిండర్‌లోనే ఉండిపోతే అలాగే ప్లగ్గులు తారుమారు చేయండి. అప్పటికీ కదలకపోతే లోపం ఇంజెక్టర్‌లో గానీ కంప్రెషన్‌లో (సిలిండర్ లోపలి ఒత్తిడిలో) గానీ ఉంది. గ్యాస్ కిట్ మీద ఎక్కువ తిరిగిన బండైతే ముందు కంప్రెషన్ చూపించండి, వాల్వ్ సీట్లు అరిగి ఉండొచ్చు. కాయిల్ తీసినప్పుడు ప్లగ్గు గుంతలో ఆయిల్ కనిపిస్తే వాల్వ్ కవర్ గాస్కెట్ కారుతోంది. అది మార్చకుండా కొత్త కాయిల్ వేస్తే దాని రబ్బరు బూటు కూడా ఆయిల్‌లో నాని పాడవుతుంది.

ఎక్కువ డబ్బు వృథా అయ్యే కోడ్ పీ0420, క్యాటలిటిక్ కన్వర్టర్ సామర్థ్యం తగ్గిందనేది. కొత్త కన్వర్టర్ పాతిక వేలు దాటుతుంది. ఆ మాట వినగానే చెక్కు రాయొద్దు. ఇంజన్ బాగా వేడెక్కాక 2,500 ఆర్‌పీఎమ్ దగ్గర రెండు నిమిషాలు పట్టి, లైవ్ డేటాలో రెండో ఆక్సిజన్ సెన్సర్ (కన్వర్టర్ తర్వాత ఉండేది) వోల్టేజీ గ్రాఫ్ చూడండి. 0.6, 0.7 వోల్టుల దగ్గర నిలకడగా ఉంటే కన్వర్టర్ ఇంకా పనిచేస్తోంది. మొదటి సెన్సర్‌తో పోటీపడి 0.1కీ 0.9కీ మధ్య ఊగుతుంటే దాని పని అయిపోయింది. అప్పుడు కూడా ముందు ఎగ్జాస్ట్ జాయింట్లలో పొగ లీకు ఉందేమో చూడాలి. లీకు ద్వారా లోపలికి లాగిన గాలి సెన్సర్‌ని తప్పుదారి పట్టిస్తుంది. నిజంగానే కన్వర్టర్ పోయిందని తేలితే, దాన్ని చంపిన మిస్‌ఫైర్‌నో ఆయిల్ కాలడాన్నో సరిచేయకుండా కొత్తది వేయించడం డబ్బు తగలేయడమే. లోపల ఖాళీ చేసిన కన్వర్టర్ పెట్టించుకోవడం మాత్రం వద్దు. చట్టవిరుద్ధం, పొల్యూషన్ సర్టిఫికెట్ దగ్గరా చిక్కే, కోడ్ ఎలాగూ తిరిగొస్తుంది.

డీజిల్ వాళ్లకి తరచూ వచ్చేవి రెండు. పీ0401 అంటే ఈజీఆర్‌లో (కొంత పొగని మళ్లీ ఇంజన్‌లోకి పంపే వ్యవస్థలో) పొగ చాలినంత పారడం లేదు. దాదాపు ఎప్పుడూ మసి పేరుకోవడమే కారణం. వాల్వ్ విప్పి కార్బ్ క్లీనర్‌తో శుభ్రం చేసి, కొత్త గాస్కెట్‌తో బిగిస్తే చాలు. ఎలక్ట్రిక్ తల వైపు మాత్రం క్లీనర్‌లో ముంచొద్దు. పీ0087 అంటే రైల్ (ఇంజెక్టర్లకి డీజిల్ అందించే గొట్టం) ప్రెషర్ తక్కువ. ఇది వినగానే హై ప్రెషర్ పంపు, ఇంజెక్టర్లు అని భయపెట్టేవాళ్లుంటారు. మొదట డీజిల్ ఫిల్టర్ మార్చండి, పాతదాని అడుగున నీళ్లున్నాయేమో చూడండి. ఫిల్టర్ మార్చాక డీజిల్ గొట్టాల్లో చేరిన గాలి పూర్తిగా తీశాకే సెల్ఫ్ కొట్టాలి. ఈసీయూ ఆ రీడింగ్ ఇస్తే, వేడెక్కిన కామన్ రైల్ ఇంజన్‌లో ఐడిల్ దగ్గర రైల్ ప్రెషర్ సుమారు 250 నుంచి 350 బార్ మధ్య ఉండాలి. ఫిల్టర్ మార్చాక కూడా పడిపోతుంటే ఇంజెక్టర్లకి రిటర్న్ టెస్ట్ చేయించండి. నాలుగు గొట్టాలకి నాలుగు సీసాలు కట్టి ఇంజన్ నడిపితే, ఏ సీసా ముందు నిండితే ఆ ఇంజెక్టర్ కారుతున్నట్టు.

లైట్ వెలగకపోయినా నెలకోసారి రెండు అంకెలు చూసుకోవడం మంచిది. ఒకటి కూలెంట్ టెంపరేచర్. హైవే మీద అరగంట నడిపాక కూడా 65, 70 దగ్గరే ఉందంటే థర్మోస్టాట్ (వేడిని బట్టి కూలెంట్‌ని రేడియేటర్‌కి వదిలే వాల్వ్) తెరిచి ఇరుక్కుంది, లేదా ఎప్పుడో ఒక మెకానిక్ పీకేశాడు. మన వేడికి అది అక్కర్లేదని పీకేసే అలవాటు ఇక్కడ బాగా ఉంది. ఇంజన్ ఎప్పుడూ చలిగా ఉన్నట్టే లెక్కేసుకుని ఈసీయూ ఇంధనం ఎక్కువ పోస్తుంది, మైలేజీ పడిపోతుంది, పీ0128 కోడ్ వస్తుంది. రెండోది వోల్టేజీ. ఇంజన్ ఆపిన కొన్ని గంటలకి 12.6, నడుస్తుండగా 13.8 నుంచి 14.4 ఉండాలి. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కిందకి పడితే బ్యాటరీ ఆఖరి దశలో ఉంది. వోల్టేజీ చాలక పవర్ స్టీరింగ్, ఏబీఎస్ లైట్లు ఒకేసారి వెలిగినప్పుడు ఆ సెన్సర్లు మార్చేసి, చివరికి బ్యాటరీ మార్చినవాళ్లున్నారు. చౌక డబ్బాలు 0.2, 0.3 వోల్టుల తేడా చూపిస్తాయి కాబట్టి అనుమానమైతే మల్టీమీటర్‌తో సరిచూసుకోండి.

పార్టుల దగ్గరికొస్తే, సికింద్రాబాద్ రాణిగంజ్‌లో, విజయవాడ ఆటోనగర్‌లో ఒకే సెన్సర్‌కి మూడు నాలుగు ధరలు చెబుతారు. ఆక్సిజన్, క్రాంక్ సెన్సర్ల విషయంలో మారుతికి ఎంజీపీ (మారుతి జెన్యూన్ పార్ట్స్), హ్యుందాయ్‌కి మోబిస్ పెట్టెలోవే తీసుకోండి. హోలోగ్రామ్, ఎమ్మార్పీ చూసి, పాత సెన్సర్ మీది పార్ట్ నంబర్‌తో సరిపోల్చండి. థర్మోస్టాట్, గాస్కెట్ లాంటివాటికి పేరున్న బయటి కంపెనీలు సరిపోతాయి. బండి పదిహేనేళ్లకి దగ్గరపడుతుంటే ఇంకో లెక్క కూడా వేసుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి కారు రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు 600 నుంచి 5,000 అయింది. ఫిట్‌నెస్ కోసం టైర్లూ లైట్లూ కలిపితే ఇంకా పెరుగుతుంది. ఆ ఖర్చు పక్కన పెట్టుకుని చూసుకున్నాకే కన్వర్టర్ లాంటి పెద్ద పని ఒప్పుకోండి.

సెకండ్ హ్యాండ్ కారు చూడబోయేటప్పుడు ఈ డబ్బా జేబులో వేసుకెళ్లడం దీని అన్నిటికన్నా మంచి ఉపయోగం. కోడ్‌లేమీ లేవని యాప్ చెప్పినా అక్కడితో ఆగొద్దు. కోడ్ క్లియర్ చేశాక తిరిగిన దూరం, క్లియర్ చేశాక ఇంజన్ ఎన్నిసార్లు వేడెక్కింది అన్న రెండు వరసలు చాలా కార్లలో కనిపిస్తాయి. రెడీనెస్ మానిటర్లు, అంటే కారు తనకు తానే చేసుకునే పరీక్షలు, పూర్తయ్యాయా లేదా అనేది వేరే పేజీలో ఉంటుంది. దూరం పది కిలోమీటర్లు, మానిటర్లు సగం అసంపూర్తి అంటే ఉదయమే ఎవరో లైట్ ఆర్పారు, లేదా బ్యాటరీ తీసి పెట్టారు. ఎందుకని అమ్మేవాళ్లని అడగండి. సరైన జవాబు రాకపోతే రెండు మూడు రోజులు నడిచాక మళ్లీ చూస్తామని చెప్పి, అడ్వాన్స్ ఇవ్వకుండా వచ్చేయండి.