బొర్రానా, బెలుమా? బెజవాడ నుంచి ఏది మేలు?

బెజవాడ వచ్చిన చుట్టాలను ముందు ఉండవల్లికి తీసుకెళ్లడం మా ఇంట్లో ఆనవాయితీ. పోయిన వేసవిలో మా అక్క కొడుకు అక్కడ పడుకుని ఉన్న అనంతపద్మనాభుణ్ణి చూసి, "మావయ్యా, ఇదంతా నీళ్లు తొలిచాయా?" అన్నాడు. కాదురా, ఇది ఉలి పని. మొగల్రాజపురం గుహలూ అంతే. నీళ్ల పని చూడాలంటే అరకు దారిలోని బొర్రాకో, నంద్యాల జిల్లాలోని బెలుంకో పోవాలి.

రెండూ సున్నపురాయి గుహలే. వాననీరు గాలిలో, మట్టిలో ఉన్న కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుంటుంది. అలా తయారయ్యేది మన గోలీసోడాలో ఉండే ఆమ్లమే, కాకపోతే చాలా పలచన. ఆ నీరు పగుళ్లలోకి దిగి వేల ఏళ్లపాటు రాయిని కరిగిస్తుంది. లోపల ఖాళీలోకి చుక్కగా కారేటప్పుడు గ్యాస్ ఎగిరిపోయి, కరిగిన సున్నం అక్కడే పేరుకుంటుంది. పైన ఊడ, కింద లింగం అలా పెరుగుతాయి.

ఆ ఊడల అందం బొర్రాదే. నోరే పెద్ద హాలులా ఉంటుంది, ఊపిరాడుతుంది. ఆవు పొదుగులా కనిపించే రాయి నుంచే గోస్తనీ నది పుట్టిందని కథ. రాత్రి రైలెక్కి విశాఖలో దిగి, పొద్దున కిరండూల్ బండి పట్టుకుంటే సొరంగాలు దాటుకుంటూ వెళ్లడం సగం సరదా. మెట్లు మాత్రం చాలా ఉన్నాయి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు చూసుకోవాలి.

బెలుం వేరు. చదును నేలలో బావిలాంటి గొయ్యి, అందులోంచి దిగడమే. బిలం అనే మాటే బెలుం అయిందంటారు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త దీని గురించి రాశాడు, 1982-83లో జర్మన్ బృందం లోపలంతా తిరిగి కొలిచింది, 2002లో జనానికి తెరిచారు. మొత్తం 3,229 మీటర్లు, మనం నడిచేది ఒకటిన్నర కిలోమీటర్లు. కొన్నిచోట్ల వంగి వెళ్లాలి. చెమట ధారలు కడుతుంది. కానీ ఒకప్పుడు పారిన నీళ్లు నున్నగా నాకేసిన గోడలు చేతికి తగులుతుంటే ఏ పాఠమూ అక్కర్లేదు. చివర 46 మీటర్ల లోతున పాతాళగంగ ఇంకా పారుతూనే ఉంది.

గుహ ఎలా పుట్టిందో తెలియాలంటే నా ఓటు బెలుంకే. పెద్దవాళ్లతో, చలికాలం షికారుకైతే బొర్రా. గుంటూరు నుంచి నంద్యాల రైలు, అక్కణ్నుంచి బనగానపల్లె మీదుగా రోడ్డు అని మావాడికి లెక్క చెప్పేశాను. అమ్మ మాత్రం ఇంకా అరకు కాఫీ అనే అంటోంది.