థియరైజా, హైపోథిసైజా: ప్రాజెక్టు రిపోర్టుకు ఏది మేలు?

రిపోర్టుల సీజన్ మొదలైతే చాలు, గుంటూరులో నా దగ్గర ఇంగ్లీషు దిద్దించుకోవడానికి వచ్చే పిల్లలందరిదీ ఒకటే ప్రశ్న: "మేడమ్, ఇక్కడ థియరైజ్ అనాలా, హైపోథిసైజ్ అనాలా?" రెండూ 'ఇలా అని అనుకుంటున్నాం' అని చెప్పే ఇంగ్లీషు క్రియలే.

మొన్న ఒకమ్మాయి మిరపకాయల ప్రాజెక్టు తెచ్చింది. ఎండలో ఆరబెట్టిన కాయ, నీడలో ఆరబెట్టిన కాయ, దేనికి రంగు బాగా నిలుస్తుందో కొలిచింది. మొదటి పేజీలో 'ఎండకాయ రంగు ఎక్కువ పోతుందని థియరైజ్ చేశాం' అని రాసింది. కొట్టేసి హైపోథిసైజ్ పెట్టాను. అది కొలిచి తేల్చుకునే ఒక్క మాట. చివర్లో మాత్రం, కాయకు ఎరుపునిచ్చే క్యాప్సాంథిన్ మీద వెలుతురు, వేడి ఎలా పనిచేస్తాయో వివరణ అల్లింది. అక్కడ థియరైజ్ చక్కగా అతికింది. 'ఏం జరుగుతుంది' అనేదానికి హైపోథిసైజ్, 'ఎందుకు జరుగుతుంది' అనేదానికి థియరైజ్. నా లెక్కలో తేల్చేది ఇదే. 1964లో భౌతిక శాస్త్రవేత్త పీటర్ హిగ్స్ ఒక కొత్త కణం గురించి చెప్పిన మాటకు థియరైజ్ వాడతారంటే, కణాలకు ద్రవ్యరాశి ఎలా వస్తుందన్న పెద్ద వివరణలోంచి అది పుట్టింది కాబట్టే. జెనీవా దగ్గరున్న సెర్న్ పరిశోధన కేంద్రంలో ఆ కణం దొరికింది 2012లో.

మనవాళ్లను తికమక పెట్టేది 'సిద్ధాంతం' అన్న మాట. సిద్ధాంతం అంటే మనకు తేలిపోయిన విషయం. ఇంగ్లీషు థియరైజ్‌కు అంత బరువు లేదు. 'పోలీస్ థియరైజ్ దట్...' అన్న వాక్యాన్ని ఒకబ్బాయి 'పోలీసులు సిద్ధాంతీకరించారు' అని తెలుగు చేశాడు. 'పోలీసులు భావిస్తున్నారు' అంటే సరిపోయేది. ఇంకోటి, థియరైజ్ తర్వాత 'దట్' గానీ 'అబౌట్' గానీ రానివ్వండి. 'థియరైజ్ ఎ థియరీ' అని రాయకండి.

స్పెక్యులేట్ (ఊహాగానం చేయడం) రిపోర్టులో వద్దు, అందులో ఆధారం పలచన. పైగా మిర్చి వ్యాపారంలో స్పెక్యులేషన్ అంటే రేటు పెరుగుతుందని సరుకు ఆపుకోవడం. కంజెక్చర్ (ఇంకా రుజువు కాని ఊహ) లెక్కల వాళ్లది.

విద్యార్థి రిపోర్టుకైతే నా ఓటు హైపోథిసైజ్‌కే, కానీ కొలవకముందు రాస్తేనే. ఆ అమ్మాయికి ఒక రకం కాయలో ఫలితం తిరగబడింది. "మొదటి పేజీలో మాట మార్చేయనా మేడమ్?" అంది. "వద్దమ్మా, ముందు ఏం అనుకున్నావో అదే ఉంచు, ఎందుకు తిరగబడిందో చివర్లో రాయి" అన్నాను. ఆ చివరి పేరా రెండుసార్లు తిరగరాసింది. రిపోర్టు మొత్తంలో బాగా వచ్చింది అదే.